సర్వరు ఉన్న ఇల్లు

తెలుగునాట సర్వరు అన్న మాట కంప్యూటర్లకన్నా ముందే హోటళ్ళలో స్థిరపడింది. భుజాన తువ్వాలు వేసుకుని, ఒక చేతి మీద నాలుగు ప్లేట్లు మోస్తూ, ఏ బల్లవాళ్ళు ఏ దోసె చెప్పారో కాగితం లేకుండా గుర్తుపెట్టుకునే మనిషి సర్వరు. కంప్యూటరు సర్వరు చేసే పనీ అదే. ఎవరో అడుగుతారు, అది తెచ్చి పెడుతుంది. పదిమంది ఒకేసారి అడిగితే వరసలో నిలబెడుతుంది. లేనిది అడిగితే 404 అంటుంది. "అయిపోయింది సార్‌" అనేంత మర్యాద దానికి అబ్బలేదు. ఇంకో తేడా కూడా ఉంది. హోటలు సర్వరు రాత్రి పదకొండింటికి బల్లలు తుడిచి ఇంటికి వెళ్ళిపోతాడు. ఇక్కడ చెప్పుకోబోయే సర్వరు ఇంట్లోనే ఉంటుంది.

పెద్ద కంపెనీలు ఇలాంటి యంత్రాలను వేలకు వేలు చల్లటి గదుల్లో వరసలుగా పేర్చి, వాటిలో కాస్త చోటు జనానికి ఉచితంగానో అద్దెకో ఇస్తాయి. ఆ చోటు వద్దనుకుని, తన వెబ్‌సైటు, ఫోటోలు, సినిమాలు, లెక్కలు అన్నీ సొంత ఇంట్లో, సొంత యంత్రంలోంచే వడ్డించుకోవాలనే కోరికను సెల్ఫ్‌ హోస్టింగ్‌ అంటారు. ఆ కోరిక ముదిరినవాణ్ణి సర్వరు గృహస్థు అనవచ్చు. ఈ గృహస్థుల్లో ఆడవాళ్ళు లేకపోలేదు. మగవాళ్ళే ఎక్కువగా పట్టుబడుతున్నారు కాబట్టి ఇక్కడ పుంలింగమే వాడాల్సి వస్తోంది.

ప్రపంచంలో మొదటి వెబ్‌ సర్వరు 1990 చివర్లో జెనీవా దగ్గరి సెర్న్‌ పరిశోధన కేంద్రంలో టిమ్‌ బెర్నర్స్‌-లీ బల్ల మీద ఉన్న నెక్స్ట్‌ కంప్యూటరు. దాని మీద ఎర్ర సిరాతో చేత్తో రాసిన చీటీ ఒకటి అంటించి ఉండేది. ఇది సర్వరు, దీన్ని ఆపవద్దు అని దాని సారాంశం. పరమాణు కణాలను ఢీకొట్టి సృష్టి రహస్యం వెతికే శాస్త్రవేత్తల మధ్యే ఆ చీటీ అవసరమైంది. మిక్సీకి ప్లగ్గు వెతుక్కునేవాళ్ళున్న ఇంట్లో సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఈ విద్యకు సంబంధించిన సాంకేతికతంతా ముప్పై అయిదేళ్ళలో పూర్తిగా మారిపోయినా ఆ చీటీ మాత్రం మారలేదు. సర్వరు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక స్విచ్‌బోర్డు పక్కన అది కనిపిస్తుంది. చదివేవాళ్ళు మాత్రం కనిపించరు.

సర్వరు గృహస్థుణ్ణి తయారుచేసింది అద్దె ఇళ్ళ చరిత్రే. 1994లో అమెరికాలో మొదలైన జియోసిటీస్‌ అడిగినవాళ్ళకల్లా వెబ్‌సైటు జాగాలు ఉచితంగా పంచింది. పేటలుగా విడగొట్టి మరీ పంచింది: సినిమా పిచ్చివాళ్ళకు హాలీవుడ్డు పేట, కంప్యూటరువాళ్ళకు సిలికాన్‌ వ్యాలీ పేట, ఒక్కొక్కరికీ ఒక ఇంటి నంబరు. మిణుకుమిణుకుమనే నక్షత్రాలు, ఎంతమంది వచ్చిపోయారో చూపే అంకెల పెట్టె, పార పట్టుకుని తవ్వుతున్న మనిషి బొమ్మ, దాని కింద నిర్మాణంలో ఉందనే బోర్డు. చాలా సైట్లకు ఆ బోర్డే గృహప్రవేశం, అదే శిథిలం కూడా. 1999లో యాహూ ఆ పేటలన్నీ కొనేసి, 2009 అక్టోబరులో అమెరికా సైటును మూసేసింది. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్‌ అనే స్నేహితుల సైటు మూతపడింది. కాలేజీ స్నేహితులు ఒకరినొకరు పొగుడుకుంటూ రాసుకున్న వాక్యాలన్నీ దానితోపాటే మూటగట్టుకుపోయాయి. 2021 జూన్‌ 1న గూగుల్‌ ఫోటోస్‌ ఉచితానికి 15 జీబీల దగ్గర గీత గీసింది. ఒక్క అన్నప్రాశన, ఒక్క పంచెల ఫంక్షను పడితే చాలు, ఆ గీత దాటిపోతుంది. ఇలా ఒక్కో ఇంటి యజమాని ఖాళీ చేయమన్నప్పుడల్లా కొందరు సొంతింటి గురించి ఆలోచించడం మొదలుపెట్టారు.

సొంతిల్లు ఖరీదైనదేమీ కాదు. 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి నుంచి రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు 35 డాలర్లకు వచ్చింది. మొదటి రోజు జనం ఎగబడిన తాకిడికి దాన్ని అమ్మే దుకాణాల వెబ్‌సైట్లే పడిపోయాయి. బుల్లి సర్వరు పుట్టగానే పెద్ద సర్వర్లను పడగొట్టింది. బడిపిల్లలకు ప్రోగ్రామింగు నేర్పడానికని చేసిన ఆ పలక వాళ్ళ నాన్నల చేతికి చిక్కింది. అది కూడా కొననివాళ్ళకు పాత ల్యాప్‌టాప్‌ ఉంటుంది. తెర పగిలి, నాలుగు మీటలు ఊడి, ఎవరికీ పనికిరాదనుకున్నది సర్వరుగా రెండో ఇన్నింగ్స్‌ ఆడుతుంది. దానికి బ్యాటరీ ఉండటం మంచి సుగుణం, కరెంటు పోయినా కాసేపు నిలబడుతుంది. ఏళ్ళ తరబడి ఛార్జింగులోనే పెట్టి ఉంచితే ఆ బ్యాటరీ పూరీలా పొంగడం దాని రెండో గుణం. ఈ సంగతి కొందరు గృహస్థులు మూత దానంతటదే లేచినప్పుడు తెలుసుకున్నారు.

యంత్రం కుదిరాక నామకరణం. కంప్యూటరుకు పేరెలా పెట్టాలో చెప్పడానికి 1990 ఆగస్టులోనే ఆర్‌ఎఫ్‌సీ 1178 అనే పత్రం వెలువడింది. సొంత పేరు పెట్టుకోవద్దని, ఏదైనా ఒక వర్గం ఎంచుకుని అందులోంచి పేర్లు తీసుకోమని అందులో సలహా ఉంది. తెలుగు గృహస్థుకు వర్గం వెతుక్కునే పని లేదు. అటూ ఇటూ కబుర్లు మోసే రౌటరు నారదుడు. వచ్చినవాళ్ళ చిట్టా రాసే యంత్రం చిత్రగుప్తుడు. అడిగిన చాలాసేపటికి లేచే పాత హార్డ్‌డిస్కు కుంభకర్ణుడు. అయిదు డిస్కుల పెట్టె కొన్నవాడు సహజంగానే పాండవులంటాడు. ఆ అయిదింటినీ రెయిడ్‌-5 పద్ధతిలో కట్టేస్తే ఎవరో ఒకరు పోయినా మిగతా నలుగురి లెక్కలోంచి అతన్ని తిరిగి పుట్టించవచ్చు. ఆ పుట్టించే లోపలే రెండోవాడు కూడా పోతే ఇక స్వర్గారోహణ పర్వమే. ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి కొన్న డిస్కులు ఆయుష్షు విషయంలో కూడా అన్నదమ్ముల ఐకమత్యం పాటిస్తుంటాయి. ఇంట్లోవాళ్ళు ఈ పేర్లేవీ వాడరు. వాళ్ళకు అన్నీ కలిపి "ఆ డబ్బా".

డబ్బా ఎక్కడుండాలన్నది ఇంటింటికీ ఒక చర్చ. ఇంటర్నెట్‌ తీగ హాల్లోకి వస్తుంది కాబట్టి సర్వరు టీవీ వెనకో, చెప్పుల స్టాండు పైనో, ఫ్రిజ్‌ మీదో చేరుతుంది. రాత్రి దీపాలార్పగానే దాని నీలం లైటు గోడ మీద పోలీసు జీపులా వెలుగుతుంది. దానికి మార్కెట్లో పరిష్కారం వెతకక్కర్లేదు, అద్దానికి అంటించిన స్టిక్కరు బొట్టు సరిగ్గా సరిపోతుంది. బొట్టు పెట్టిన సర్వరు చూడ్డానికి కాస్త మర్యాదగా కూడా ఉంటుంది. దసరాలో ఆయుధపూజ రోజున స్కూటరుతోపాటు దానికీ పసుపు, కుంకుమ అందుతాయి. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి ఇవ్వాలన్న నియమం ఒక్కటే దీని విషయంలో అమలు కాదు. కుంకుమ ఫ్యానులోకి పోకుండా చూసుకోవడం గృహస్థు బాధ్యత.

ఇల్లన్నాక ఇతర ప్రాణులుంటాయి. వెచ్చగా, చీకటిగా, కదలకుండా ఉండే పెట్టెను మించిన నివాసం చీమలకు మరొకటి లేదు. బల్లి సంగతి మరీ సున్నితం. ఏ అవయవం మీద బల్లి పడితే ఏ ఫలితమో పంచాంగాలు పట్టిక వేసి చెబుతాయి. సర్క్యూట్‌ బోర్డు మీద పడితే ఏమిటన్నది ఇంకా చేర్చలేదు. గృహస్థుల అనుభవంలో అది ఇద్దరికీ నష్టం: ఒకరికి ధనం, ఒకరికి ప్రాణం. ఎండాకాలం వేరే పరీక్ష. రాస్ప్‌బెరీ పై 4 లోపలి వేడి 80 డిగ్రీలకు చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం పని తగ్గించుకోవాలనే తెలివి దానికి బ్రిటన్‌లో ఎలా వచ్చిందోగానీ, రామగుండంలోనూ రెంటచింతలలోనూ ఎవరూ దాన్ని తప్పు పట్టరు.

తర్వాతిది కరెంటు. అరచేతి కంప్యూటరు 10 వాట్లు తాగినా నెలకు 8 యూనిట్లు దాటవు. అదే పాత డెస్క్‌టాప్‌ 80 వాట్లు లాగితే నెలకు 58 యూనిట్లు. బిల్లు శ్లాబుల్లో ఉంటుంది కాబట్టి ఆ 58 అడుగున కూర్చోవు. అన్నిటికన్నా పైన, ఖరీదైన శ్లాబులోకి ఎక్కుతాయి. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి పథకంలో అర్హతున్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే. 190 దగ్గర బుద్ధిగా ఆగిన ఇంట్లోకి సర్వరు వచ్చి చేరిందంటే, ఉచితంగా వెబ్‌సైటు నడుపుకుందామన్న ఆలోచన ఖరీదెంతో మీటరు రీడింగు తీసే కుర్రాడు చిన్న చీటీ మీద ముద్రించి ఇస్తాడు.

కరెంటు ఎంత తాగుతుందన్నది ఒక బాధ, ఉందా లేదా అన్నది ఇంకో బాధ. సర్వరు దృష్టిలో కరెంటు కోత ఎంతసేపన్నది ముఖ్యం కాదు. అర సెకను చాలు. సరిగ్గా ఎస్‌డీ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే, వచ్చాక ఆ కార్డు తానెవరో మర్చిపోతుంది. అందుకని ఇన్వర్టరు, రౌటరుకు వేరే బుల్లి యూపీఎస్‌, సర్వరుకు ఇంకో యూపీఎస్‌. చివరికి ఊరంతా చీకటిగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా వెబ్‌సైటు తిరుగుతూ ఉంటుంది. ఆ సమయంలో దాన్ని చూసేవాడు గృహస్థు ఒక్కడే, అదీ పనిచేస్తోందో లేదో అని. యూపీఎస్‌లు రాత్రి రెండింటికి కూయడం మొదలుపెడితే ఇంట్లో అందరికన్నా ముందు పక్కింటి కుక్క లేస్తుంది.

ఇంతవరకూ వచ్చినవాడికి అసలు చిక్కు ఇంటి చిరునామా దగ్గర ఎదురవుతుంది. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా కావాలి. పాత పద్ధతిలో అవి మొత్తం సుమారు 430 కోట్లు. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వ ఖాళీ అయింది. అప్పటినుంచి ఇంటర్నెట్‌ ఇచ్చేవాళ్ళు ఒకే చిరునామాను ఎంతోమంది ఖాతాదారులకు కలిపి కేటాయిస్తున్నారు. సీజీనాట్‌ అనే ఈ ఏర్పాటు పెద్ద అపార్టుమెంటులాంటిది. వీధి గేటుకు ఒకే డోర్‌ నంబరు, లోపలి ఫ్లాట్లకు నంబర్లు లేవు. లోపలివాళ్ళు బయటికెళ్ళి కూరగాయలు తెచ్చుకోవచ్చు. వాళ్ళు పిలిచినవాళ్ళను వాచ్‌మన్‌ లోపలికి పంపుతాడు. పిలవకుండా వచ్చిన చుట్టాన్ని మాత్రం గేటు దగ్గరే ఆపేస్తాడు, ఎవరింటికో తెలియదు కాబట్టి. వెబ్‌సైటు చూడటానికి వచ్చేవాళ్ళంతా పిలవని చుట్టాలే. ఇదంతా గ్రహించి గృహస్థు కస్టమర్‌ కేర్‌కు ఫోను చేస్తాడు. పబ్లిక్‌ ఐపీ కావాలంటాడు. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, "సార్‌, ఒకసారి రౌటర్‌ ఆఫ్‌ చేసి ఆన్‌ చేస్తారా?" అంటుంది. నాలుగో ఫోనుకు గానీ నెలకింతని అదనంగా కడితే శాశ్వత చిరునామా ఇస్తారన్న సంగతి బయటపడదు.

ఐపీవీ6 అనే కొత్త పద్ధతిలో ఈ కరువు లేదు. అందులో చిరునామాల సంఖ్య రాయాలంటే 34 పక్కన 37 సున్నాలు పెట్టాలి. భారతదేశంలో ఇంటర్నెట్‌ వాడేవాళ్ళలో సగానికి పైగా దాని మీదే ఉన్నారు. అయినా చూడాలనుకున్న ఆ ఒక్క మేనమామ మిగతా సగంలోనే ఉంటాడు. అప్పుడు మిగిలిన దారి విదేశంలో చిన్న సర్వరు ఒకటి అద్దెకు తీసుకుని, దాన్నుంచి ఇంటికి సొరంగం తవ్వడం. అద్దె ఇల్లు వద్దనుకుని సొంతిల్లు కట్టుకున్నవాడు, ఆ ఇంటికి వాకిలి మాత్రం అద్దెకు తెచ్చుకున్నాడన్నమాట. ఈ మాట గృహస్థు ముందు అనడం మర్యాద కాదు.

వాకిలికి తాళం కూడా ఉండాలి. సైటు అసలుదేనని బ్రౌజరుకు నమ్మకం కలిగించే సర్టిఫికెట్లకు ఒకప్పుడు ఏటా డబ్బు పోసేవారు. 2015 డిసెంబరులో లెట్స్‌ ఎన్‌క్రిప్ట్‌ వాటిని అందరికీ ఉచితం చేసింది. 90 రోజులకోసారి యంత్రమే తిరగరాయించుకోవాలి. రాయించుకుంటుంది కూడా, రాయించుకోని ఆ ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ అమెరికాలో ఉన్న బాబాయి సరిగ్గా ఆ రోజే సైటు తెరుస్తాడు. ఎర్ర అక్షరాల హెచ్చరిక చూసి ఫోను చేస్తాడు. "ఏరా, నీ సైటు నొక్కితే ప్రమాదం అంటోంది, ఏం పెట్టావు అందులో?" ఆ రోజు నుంచి ఆ సైటుకు బంధువర్గంలో ఒక పేరు స్థిరపడిపోతుంది.

సైటులో ఏం పెట్టాడన్నది న్యాయమైన ప్రశ్నే. సొంత సైట్లలోని రచనలకు ఒక క్రమం ఉంది. మొదటి వ్యాసం ఈ సైటును ఎలా కట్టారో చెబుతుంది. రెండోది, ఏడాది తర్వాత, పాత సాఫ్ట్‌వేరు నుంచి కొత్త సాఫ్ట్‌వేరుకు ఎందుకు మారారో వివరిస్తుంది. మూడోది ఇన్నాళ్ళుగా ఏమీ రాయనందుకు క్షమాపణ. నాలుగోది మళ్ళీ సాఫ్ట్‌వేరు మార్పు. ఇల్లు కట్టడమే వ్యసనమైనవాడు అందులో కాపురముండే తీరిక సంపాదించలేడు. అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి రెండో రకాన్ని కూడా చెప్పాలి. తాతగారి చేతిరాత పుస్తకాన్ని ఒక్కో పేజీ ఫోటో తీసి, కష్టపడి టైపు చేసి పెట్టినవాళ్ళున్నారు. ఏ కంపెనీ సైటులోనూ దొరకని ఊరి పాటలు, పొలాల పేర్లు, పిండివంటల కొలతలు అలాంటి సైట్లలోనే దొరుకుతాయి. వాటికి రంగులుండవు, కదిలే బొమ్మలుండవు, ఒక్క క్షణంలో తెరుచుకుంటాయి.

తెలుగులో రాసేవాడి ప్రయాణం మరీ పొడుగు. మొదట్లో ఇంటర్నెట్‌లో తెలుగుకు అక్షరాలే లేవు. అమెరికాలో రైస్‌ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్‌ అనే పద్ధతి కనిపెట్టి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. తర్వాత ఫాంట్లు వచ్చాయి, ఒక్కో పత్రికకు ఒక్కోటి. ఆ ఫాంటు దించుకోకపోతే సంపాదకీయం స్థానంలో కోడి గీకినట్టు గుర్తులు కనిపించేవి. నిజానికి యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దొరికింది గానీ, విండోస్‌ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇళ్ళలోకి వచ్చాక గానీ మామూలు జనానికి అందలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇన్ని దాటి, ఇక బాధ లేదనుకుంటుండగా, 2018 ఫిబ్రవరిలో తెలుగు ప్రపంచ వార్తల్లోకెక్కింది. జ్ఞా అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు పడితే, అది అందుకున్న ఐఫోను యాప్‌ అక్కడికక్కడే కుప్పకూలేది. ఆపిల్‌ ఆ నెలలోనే మరమ్మతు పంపింది. జ్ఞానంలో మొదటి అక్షరానికే పడిపోయిందంటే పూర్తి మాట వింటే ఏమయ్యేదోనని అప్పట్లో తెలుగువాళ్ళు కొంత గర్వపడ్డారు కూడా. తెలుగులో డొమైను పేరు సైతం కొనుక్కోవచ్చు, చివర .భారత్‌ అని వచ్చేలా. లోపల యంత్రాలు దాన్ని ఎక్స్‌ఎన్‌తో మొదలయ్యే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మార్చుకుంటాయి. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఆ రెండో రూపమే వెళ్ళే ప్రమాదముంది. బాబాయి అప్పటికే ఒకసారి భయపడి ఉన్నాడు.

ఇక సందర్శకులు. సైటు పెట్టిన మొదటి రాత్రే చిత్రగుప్తుడి చిట్టా నిండిపోతుంది. గృహస్థు ఉబ్బిపోతాడు. పొద్దున్నే కూర్చుని చదివితే తేలేదేమిటంటే, వచ్చినవాళ్ళలో కొందరు సెర్చి ఇంజన్ల మరమనుషులు, ఎక్కువమంది తలుపు గడియ ఊడుతుందేమోనని చూసిన దొంగ ప్రోగ్రాములు, మిగిలినవాడు తానే. ఆ దొంగలకు లోపలేముందో పట్టదు. తాతగారి పద్యాలున్న సైటు తలుపు తట్టి వర్డ్‌ప్రెస్‌ ఉందా అని అడుగుతారు. లేదని చెప్పినా అయిదు నిమిషాలకు మళ్ళీ అడుగుతారు. రూట్‌, అడ్మిన్‌, పై అనే పేర్లతో లోపలికి రావాలని రోజంతా ప్రయత్నిస్తారు. ఈ చివరి పేరుకు కారణముంది: 2022 దాకా రాస్ప్‌బెరీ పై యంత్రాలన్నీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డుతో మొదలయ్యేవి. దొంగలను ఆపడానికి ఫెయిల్‌టుబ్యాన్‌ అనే కాపలాదారు ఉన్నాడు. మామూలుగా అయిదుసార్లు పాస్‌వర్డు తప్పు కొట్టినవాణ్ణి పది నిమిషాలు గెంటేస్తాడు. ఈ కాపలాదారు మొట్టమొదట పట్టుకునే దొంగ సాధారణంగా ఇంటి యజమానే.

ఉత్తరాల సర్వరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సొంత ఈమెయిలు సర్వరు పెట్టుకున్నవాళ్ళు పంపిన ఉత్తరాలు అవతలివాళ్ళ స్పాం పెట్టెలోకి వెళ్తాయి. ఇంటి కనెక్షన్లలో ఉత్తరాలు పంపే 25వ పోర్టును చాలామంది ఇంటర్నెట్‌ ఇచ్చేవాళ్ళు మూసే ఉంచుతారు, స్పాం భయంతో. దాన్ని తెరిపించి, ఎస్‌పీఎఫ్‌, డీకిమ్‌, డీమార్క్‌ అనే మూడు గుర్తింపు కార్డులు చూపించి, చివరికి ఉత్తరం పంపి, "అందిందా?" అని ఫోను చేసి అడగాలి. కొంతకాలానికి ఫోను మాత్రమే మిగులుతుంది.

కుటుంబం సర్వరును చూసే చూపు వేరు. నెక్స్ట్‌క్లౌడ్‌, జెల్లీఫిన్‌, ఇమ్మిచ్‌ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో గృహస్థు ఇంటిల్లిపాదికీ సేవలు ఏర్పాటు చేస్తాడు. ఫోటోలు అందులోకే వెళ్ళాలి, సినిమాలు అందులోంచే చూడాలి. నెలల తరబడి సవ్యంగా నడిచినప్పుడు దాని ఉనికే ఎవరికీ తెలియదు. ఒక్క సాయంత్రం ఆగితే ఇంట్లో జరిగే అన్నిటికీ అదే కారణం. ప్రకటనలు ఆపే పై-హోల్‌ పెట్టిన ఇంట్లో ఈ వైఖరి పరాకాష్ఠకు చేరుతుంది. ప్రకటనలు మాయమైనందుకు ఎవరూ మెచ్చుకోరు; చీరల సేలు లింకు తెరుచుకోలేదని మాత్రం వెంటనే తెలుస్తుంది. కరెంటు బిల్లు కట్టే సైటు మొండికేసినా, గ్యాసు బుకింగు కాకపోయినా, అత్తగారి సీరియల్‌ మధ్యలో ఆగినా, వంటింట్లోంచి వచ్చే మాట ఒక్కటే. "ఏమండీ, ఆ డబ్బా ఏదో చేసింది చూడండి." పదింట తొమ్మిదిసార్లు తప్పు డబ్బాది కాదు. పదోసారి దానిదే కావడం వల్ల గృహస్థు మొదటి తొమ్మిది కేసులూ ఓడిపోతాడు.

నీళ్ళ మోటారు ఉదాహరణ ఇక్కడ తప్పనిసరి. మేడ మీద ట్యాంకులో నీటిమట్టం కొలిచే సెన్సరు పెట్టి, హోమ్‌ అసిస్టెంట్‌ అనే సాఫ్ట్‌వేరుతో కలిపి, నిండగానే మోటారు దానంతటదే ఆగేలా చేయడం ఈ విద్యలో డిగ్రీ పరీక్షలాంటిది. అన్నీ కుదిరితే బాగానే ఆగుతుంది. మేడ మీదికి వైఫై అందని రోజున సెన్సరు చివరిసారి చెప్పిన మట్టమే సర్వరు నమ్ముతుంది, ట్యాంకు సగమే ఉందనుకుని మోటారు నడుపుతూనే ఉంటుంది. ఆ ఇళ్ళలో అంతకుముందు వాడుకలో ఉన్న పరికరం పక్కింటావిడ గొంతు: "వదినా, మీ ట్యాంకు పొర్లిపోతోంది!" దానికి వైఫై అక్కర్లేదు, అప్‌డేట్లు లేవు, కరెంటు పోయినా పనిచేస్తుంది.

పెట్టినదాన్ని పోకుండా కాపాడుకోవడానికి 3-2-1 అనే సూత్రముంది. పీటర్‌ క్రోగ్‌ అనే ఫోటోగ్రాఫరు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతిదానికీ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. వేరే చోటు అంటే తెలుగు గృహస్థుకు అత్తారిల్లే. హైదరాబాదులో ఉన్నవాడు 2 టెరాబైట్ల ఫోటోలను రాజమండ్రికి ఇంటర్నెట్‌ మీద పంపాలంటే, సెకనుకు 40 మెగాబిట్ల వేగంతో నాలుగున్నర రోజులు పైనే పడుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. అదే డిస్కును తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని పది గంటలు బస్సులో కూర్చుంటే సెకనుకు 444 మెగాబిట్ల వేగం వస్తుంది. టేపులు నింపిన కారు వేగాన్ని తక్కువగా అంచనా వేయవద్దని ఆండ్రూ టానెన్‌బామ్‌ తన పాఠ్యపుస్తకంలో హెచ్చరించాడు. ఆర్టీసీకి కూడా అది వర్తిస్తుంది. దీనివల్ల అల్లుడు ప్రతి సంక్రాంతికీ తప్పకుండా వస్తాడు. వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకముందే బీరువా తెరవమని అడగడం మొదట్లో అత్తమామలను కలవరపెట్టినా, తర్వాత అలవాటవుతుంది. తిరుగు ప్రయాణంలో పాత డిస్కు అరిసెల డబ్బాలో వస్తుంది. డిస్కుకు నెయ్యి అంటకూడదు, అరిసెలకు డిస్కు తగిలి విరగకూడదు. ఈ రెండో జాగ్రత్తను ఇంట్లోవాళ్ళు ఎక్కువ శ్రద్ధగా పరిశీలిస్తారు. తీసుకెళ్ళిన ప్రతి తెరుచుకుంటుందో లేదో అక్కడే పరీక్షించాలని సూత్రాలన్నీ చెబుతాయి. ఆచరించినవాళ్ళు తక్కువ. ఆచరించనివాళ్ళు దాన్ని ఒక్కసారే నేర్చుకుంటారు.

ఇల్లు వదిలి వెళ్ళడం అన్నిటికన్నా కష్టం. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మూడు నెలలు కదలకుండా నడిచిన సర్వరు, కుటుంబం తిరుమల కొండెక్కాక ఆగుతుంది. దర్శనం వరసలోకి వెళ్ళేముందు ఫోన్లు కౌంటరులో అప్పగించాలి కాబట్టి గృహస్థుకు ఆ సంగతి తెలియదు. ఏళ్ళలో మొదటిసారి అతను కొన్ని గంటలపాటు ప్రశాంతంగా ఉంటాడు. భార్య దాన్ని స్వామి మహిమ అనుకుంటుంది. ఫోను తిరిగి చేతికొచ్చాక లడ్డూల కౌంటరు దగ్గర నిలబడి, కింద ఇంటి వాటావాళ్ళకు ఫోను చేసి, తాళంచెవి ఎక్కడుందో, లోపలికెళ్ళి చెప్పుల స్టాండు మీద ఏ బొట్టు ఉన్న డబ్బాను నొక్కాలో చెబుతుంటాడు.

సర్వర్లు శాశ్వతం కావు. ఏడెనిమిదేళ్ళకు ఫ్యాను గరగరమంటుంది, కొత్తది వస్తుంది, పాతది అటకెక్కుతుంది. మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుందని దాన్ని అక్కడ ఉంచుతారు. భోగికి ముందు ఇల్లు దులిపినప్పుడల్లా కిందికి దిగి, దుమ్ము తుడిపించుకుని, తిరిగి పైకి వెళ్తుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటరు ప్రయోగశాలలో 1991లో ఒక కాఫీ కూజాకు కెమెరా పెట్టారు, కాఫీ ఉందో లేదో మేడ దిగకుండానే చూసుకోవడానికి. 1993లో ఆ బొమ్మ వెబ్‌ మీదికెక్కి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 2001 ఆగస్టులో కెమెరా ఆపేశారు, ఆ నెలలోనే ఆ పాడైపోయిన కాఫీ యంత్రాన్ని వేలంలో జర్మనీ పత్రిక ష్పీగెల్‌ ఆన్‌లైన్‌ విభాగం 3,350 పౌండ్లకు కొనుక్కుంది. ఈ ఉదంతం తెలిసిన గృహస్థు తన పాత సర్వరును అంత తేలిగ్గా వదులుకోడు.

చివరికి ఒక ఆదివారం పాత సామాన్లవాడి కేక వీధిలో వినిపిస్తుంది. అటక మీది డబ్బా అతని తక్కెడలోకి చేరుతుంది. అతను దాన్ని రెండు చేతులతో ఊపి చూసి, లోపల రాగి ఎంతుందని అడుగుతాడు. చిత్రగుప్తుడని ఒకప్పుడు పేరున్న ఆ యంత్రం ఇనుము లెక్కన రెండున్నర కిలోలు తూగుతుంది. హార్డ్‌డిస్కు మాత్రం ఇవ్వరు. దాన్ని విప్పి తీసి, పాలిథిన్‌ సంచిలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పెళ్ళి పట్టుచీరల అడుగున బీరువాలో పెడతారు. పైన చీటీ మీద పాస్‌వర్డు రాసి ఉంటుంది, పాస్‌వర్డు మార్చకముందుది.